వరలో ఇమడని కత్తి

పుష్ప తలుపు తీసేసరికి గుమ్మంలో నల్ల అబాయా వేసుకున్న ఒక ఆడమనిషి రొప్పుతూ నిలబడి ఉంది. పొడుగాటి వస్తువేదో దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకు అదుముకుంది. ఒక కాలికి చెప్పు లేదు.

"వజీరున్నీసా మేడం ఇల్లు ఇదేనా అక్కా? మా ఆయన్ని పోలీసులు పట్టుకోని పోయినారు."

పుష్ప ఆమెను లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. దోహాలో తెలుగువాళ్ళకు ప్రాణం మీదికి వస్తే అల్ తుమామాలోని ఈ ఇంటికే పరిగెత్తుకొస్తారు. పుష్ప కూడా ఒకప్పుడు అలా వచ్చిందే. ఆర్మూరు పక్క పల్లె నుంచి ఇంటిపనికి వచ్చి, చెయ్యని దొంగతనం నెత్తిన పడి ఏడుస్తుంటే, ఆ నింద దించింది వజీరున్నీసాయే. అప్పటినుంచి ఆవిడకు అసిస్టెంటుగా ఉండిపోయింది.

వజీరున్నీసాది కర్నూలు. హైదరాబాదులో డిటెక్టివ్ ఆఫీసు నడిపిన మనిషి. డాక్టరైన భర్తకు ఖతర్‌లో ఉద్యోగం దొరకడంతో ఇక్కడికి వచ్చింది. పని మాత్రం మానలేదు. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు చూసి ఎవరో పెద్ద ముత్తవ్వ అనుకున్నవాళ్ళు తర్వాత నాలుక కరుచుకునేవారు.

"నిదానంగా చెప్పమ్మా. ఎవరు నువ్వు? ఏమైంది?" అంది ఆవిడ ఎదురుగా కూర్చుంటూ.

"నా పేరు రమీజా మేడం. మాది రాయచోటి. ముఐథర్‌లో ముబారక్ బాబా ఇంట్లో నేను వంటమనిషిని, మా ఆయన నాగూర్ హౌస్ డ్రైవరు. ఈ గురువారం బాబా మనవడు, నాయన లేని పిల్లోడు ఫహద్ పెండ్లి. నిన్న మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ ముందర అందరూ కత్తులు పట్టుకోని అర్ధా ఆడినారు. ఆట అయినంక బాబా ఇంటి కత్తిని ఫహద్ చేతికిచ్చి, 'నేను వయసులో ఉన్నప్పుడు వంచినట్టు వంచు' అన్నాడంట. ఆ కత్తి కొస పట్టుకోని వంచితే విల్లు మాదిరి వంగుతుంది, వదిల్తే తటక్కన నిలబడుతుంది. నిన్న కొంచెం వంచినాడో లేదో, గాజు పలిగినట్టు పలిగింది మేడం! కొస ఎగిరొచ్చి ఫహద్ భుజంలోనే దిగింది."

"కొంచెం పైకి తగిలి ఉంటే?"

"గొంతే తెగేది. అల్లా కాపాడినాడు."

"ఇందులో నాగూర్ ఏం చేసినాడంటారు?"

"ముందురోజు కత్తిని తోమింది ఆయనే. చెక్క సుత్తితో దాన్ని కొడతాంటే చూసినానని ఖుత్బుద్దీన్ సాబ్ పోలీసులకు చెప్పినాడు. మజ్లిస్ పనులన్నీ చూసే మేనేజరు ఆయన. పోయిన నెల ఊరికి పోతామంటే బాబా సెలవు ఇయ్యలేదు. ఆ పగతో మా ఆయన కత్తిని చెడగొట్టినాడంట! చీమకు గూడా దారిచ్చే మనిషి మేడం ఆయన." రమీజా దుప్పటి విప్పింది. "జీపు ఎక్కిస్తాంటే అరిచినాడు, 'రమీజా, వరను మేడంకు చూపించు, వరను చూపించు' అని. ఎందుకో చెప్పేలోపల తలుపు వేసేసినారు."

దుప్పట్లో ఉన్నది తోలు చుట్టి వెండి పట్టీలు వేసిన పాత వర. వజీరున్నీసా దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. నోటి దగ్గరి వెండి పట్టీ ఒక పక్కకు కొత్తగా నొక్కుకుపోయి ఉంది. వంచి దులిపితే లోపలినుంచి సన్నని చెక్క పొట్టు రాలింది.

ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు కనబడిందంటే ఇక ఇంట్లో నిలవదని పుష్పకు తెలుసు. కారు తాళాలు అప్పటికే తీసి పట్టుకుంది.

"ఒక వరలో రెండు కత్తులు ఇమడవంటారు గదా పుష్పా. ఈ వరలో దాని సొంత కత్తే ఇమడలేదు. పద!"

ముబారక్ ఇంటి ముందు పెళ్ళి గుడారాలు సగం లేచి ఆగిపోయి ఉన్నాయి. మజ్లిస్‌లో పెద్దాయన ఒక్కడే, తెల్లగుడ్డ మీద పరిచిన రెండు కత్తి ముక్కల పక్కన, శవం దగ్గర కాపలా కూర్చున్నట్టు కూర్చున్నాడు. పోలీసులు తీసుకెళతామంటే ఇవ్వనని పట్టుబట్టాడట. ఫోటోలు తీసుకుని వదిలేశారు.

"నా డ్రైవర్ చేశాడని తేలిపోయింది. మళ్ళీ నువ్వెందుకమ్మా?" అన్నాడు అరబ్బీలో. ఇళ్ళల్లో పనిచేసి నేర్చుకున్న అరబ్బీ కాబట్టి పుష్పకు ఒక్క మాట పొల్లుపోకుండా అర్థమవుతోంది.

"అతను చేసి ఉంటే మీకు ఇంక భయం లేదు. చెయ్యకపోయి ఉంటే?" అంది వజీరున్నీసా. "మీ మనవడి ప్రాణం మీదికి తెచ్చినవాడు ఇంకా ఈ కప్పు కిందే తిరుగుతున్నట్టు. పెళ్ళికూతురి తండ్రి ఏమంటున్నాడు?"

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. "ఇంట్లో శత్రువెవరో రూఢిగా తెలిసేదాకా పిల్లను పంపనంటున్నాడు. సరే, చూడు. రేపు సాయంత్రం అసర్ నమాజు దాకా సమయమిస్తున్నాను."

వజీరున్నీసా ముక్కల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం తీసింది. పుష్ప కూడా వంగింది. విరిగిన చోట కత్తి మందం స్పష్టంగా కనబడుతోంది. వీపు వైపు సగం పటికబెల్లం విరిచినట్టు తళతళలాడుతోంది. వాదర వైపు సగం మాత్రం మాడిన పాలగిన్నె అడుగులా నల్లగా ఉంది.

"ఒకేసారి విరిగిన ఇనుముకు రెండు రంగులు ఎందుకుంటాయి పుష్పా?"

"సగం నిన్న ఇరిగింది, సగం అంతకుముందే పగిలి ఉండె గావచ్చు మేడం."

"శభాష్. చెక్క సుత్తి దెబ్బకు ఇనుము నల్లబడదు. ఇది గుర్తుపెట్టుకో."

ఆ కత్తి పుట్టుపూర్వోత్తరాలు పెద్దాయనే చెప్పాడు. పిడి అరబ్బుల వెండి పనే గాని, అలుగు, అంటే కత్తి రేకు, జర్మనీలోని జోలింగెన్ ఊళ్ళో ఎప్పుడో గుర్రపు సైనికుల కోసం చేసినది. ముత్యాల వ్యాపారం చేసే వాళ్ళ తాత దాన్ని బొంబాయిలో సంపాదించి, దానికి ఇక్కడి పిడి పెట్టించుకున్నాడు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో అలాంటివి ఉన్నాయి.

"దానికంటే జపాన్ కత్తి గొప్పదని ఆ రోజు అన్నందుకు తాతయ్య నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశారు," అన్నారెవరో వెనకనుంచి. సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు. ఫహద్ పినతండ్రి కొడుకు జాసిం. గ్యాస్ కంపెనీలో ఇంజనీరు, శిక్షణకు జపాన్ వెళ్ళొచ్చాడు. ఆ చలికాలం మొదటి గ్యాస్ ఓడ ఖతర్ నుంచి జపాన్ బయలుదేరిన సంబరంలో, ఒకాదా అనే జపాన్ ఇంజనీరును అతనే ఈ మజ్లిస్‌కు విందుకు తీసుకొచ్చాడు. ఆ విందులోనే కత్తుల మీద వాదన నడిచిందట.

"కోపం వచ్చిందా నీకు?" అని అడిగింది వజీరున్నీసా.

"వచ్చింది. అయినా మా అన్నను చంపుకునేంత కోపం కాదు," అని అతను విసురుగా వెళ్ళిపోయాడు.

తర్వాత ఖుత్బుద్దీన్ వచ్చాడు. హైదరాబాదు మనిషి, తెల్లటి బట్టలు, అత్తరు వాసన. అరబ్బుల కాఫీ గహ్వా ఉన్న కెటిలు ఎడమ చేతిలో, చిన్న కప్పులు కుడి చేతిలో పట్టుకుని, అడగకుండానే పోసిచ్చాడు.

"నాగూర్ కత్తిని కొడుతుంటే చూసినవా?" అంది వజీరున్నీసా.

"నా రెండు కండ్లతోటి చూసిన మేడం. కట్టె సుత్తితోటి పిడి మీద కొడుతుండె."

"కత్తి ఎక్కడుంది అప్పుడు?"

"వరల. సగం లోపట, సగం బయట."

"అంటే దాన్ని వరలోకి దించడానికి కొడుతున్నాడు."

ఖుత్బుద్దీన్ తడబడ్డాడు. "గది గట్లనే అయితది గదా మేడం... కొట్టిండు మాత్రం సచ్."

"అతనికి కత్తి నువ్వే ఇచ్చినావా?"

"ఔ. అద్దాల అలమరలకెల్లి తీసిచ్చిన. ఎప్పుడు వరలనే ఉంటది. గప్పుడు మాత్రం కత్తి ఒక దిక్కు, వర ఒక దిక్కు పెట్టున్నయి. ఎవరో చూసి పెట్టిన్రనుకున్న. తాళంచెవి మేకుకు వేలాడుతది, మజ్లిస్‌కు వచ్చే మగవాళ్ళందరికి ఎరుకే."

"గహ్వా బాగుంది. కాస్త ఒలికితే చెయ్యి కాలేటట్టుందే."

"నా చేతిల గహ్వా ఒలుకుడా? తౌబా! ఈ మజ్లిస్‌ల నేను తప్ప ఇంకొకరు పొయ్యరు. ఇన్నేండ్లల్ల ఎవరి మీద ఒక్క చుక్క పడలే."

లోపలి వాకిలి ఆడవాళ్ళది. మధ్యలో ఎత్తైన గోడ, దానికో చిన్న తలుపు. పోలీసులు ఆ తలుపు దాటలేదు. వజీరున్నీసా, పుష్ప దాటుతుండగానే మగవాడు వచ్చాడని హెచ్చరిస్తున్నట్టు వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. జాసిం మందుల సంచి పట్టుకుని తలుపు బయటే మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. రమీజా వెళ్ళి సంచి అందుకున్నాక గాని అక్కణ్ణుంచి కదల్లేదు.

ఫహద్ తన తల్లి గదిలో దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఎడమ భుజానికి పెద్ద కట్టు. మంచి రూపసి. వజీరున్నీసాను చూడగానే మర్యాదగా లేవబోయాడు. కుడి మణికట్టుకు ఇంకో చిన్న కట్టు ఉంది.

"అదీ కత్తి గాయమేనా బాబూ?"

"కాదండీ, అంతకుముందుది. మజ్లిస్‌లో గహ్వా ఒలికింది."

"నాగూర్‌కు నీ మీద పగ ఉందా?"

ఫహద్ కళ్ళు దించుకున్నాడు. "నాకు తెలియదు. పోలీసులు అలా అన్నారు."

అతని చెల్లెలు మునీరా మట్టితో ధూపపాత్రలు చేస్తుంది. వాటిని వరుసగా వరండాలో ఆరబెట్టి ఉంచింది. వజీరున్నీసా వాటిని మెచ్చుకునేసరికి ఆ అమ్మాయి సంతోషంగా మాట కలిపింది. తర్వాత మొహం ముడుచుకుని, "మేమంతా ఉమ్రాకు మక్కా వెళ్ళినప్పుడు ఎవరో నా మట్టి బస్తా విప్పేశారు. సగం లేదు. పనివాళ్ళు పారేసి ఉంటారు," అంది.

"పనివాళ్ళం గూడా వీళ్ళతోనే పోతిమి గదా," అని రమీజా తెలుగులో గొణిగింది. "మక్కాలో వంటకు నన్ను, ఇంకో ఇద్దరినీ తీసుకుపోయిరి. తిరిగొచ్చి పొయ్యి వెలిగిద్దామని చూస్తే బొగ్గులు గూడా లేవు. నేను బస్తా నిండా పెట్టిపోయినాను."

పుష్ప చటుక్కున తలెత్తింది. గల్ఫ్ వంటింట్లో ఏళ్ళు గడిపింది కదా, బొగ్గు పొయ్యి అంటే ఆమెకు బాగా తెలుసు. గబగబా పెరట్లోకి నడిచింది. మొత్తం గొర్రెను కాల్చడానికి ఇటుకలతో కట్టిన పొయ్యి అది, మంచమంత పొడుగు. అడుగున బూడిదను చేత్తో కెలికింది. వేళ్ళకు పెంకుల్లాంటి మట్టి బిళ్ళలు తగిలాయి. ఒక వైపు నున్నగా, కొద్దిగా ఒంపు తిరిగి ఉన్నాయి.

"మేడం! గొర్రెకు ఎవరన్న మన్ను పూస్తరా?"

వజీరున్నీసా ఆ బిళ్ళను అరచేతిలో పెట్టుకుని గట్టిగా నవ్వింది. రమీజా బిత్తరపోయి చూసింది.

"నీ మొగుడు ఇంటికొస్తాడు రమీజా. నాకింక ఒక్క మనిషిని చూడాల్సి ఉంది."

సముద్రపు ఒడ్డున హోటల్లో ఒకాదా వాళ్ళకు టీ పోయించాడు. గుండ్రటి మొహం, పొదుపైన మాట. కత్తుల మాట ఎత్తగానే మాత్రం హుషారుగా ముందుకు జరిగాడు. వాళ్ళ తాత యుద్ధకాలంలో సైన్యానికి కత్తులు చేసే కార్ఖానాలో పనిచేశాడట. ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే వజీరున్నీసా మధ్యమధ్య పుష్పకు తెలుగులో చెప్పింది.

"మా పాత పద్ధతిలో ఇనుప ఇసుకను కరిగించి ఉక్కు తీస్తారు. దాన్ని మడతపెట్టి కొట్టి, మళ్ళీ మడతపెట్టి కొట్టి మలినం పోగొడతారు. లోపల మెత్తటి ఇనుము, పైన గట్టి ఉక్కు పెట్టి అలుగు సాగదీస్తారు. అసలు కిటుకు ఆఖర్న ఉంది. వీపుకు మందంగా, వాదరకు పల్చగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా నీళ్ళలో ముంచుతారు. మట్టి పల్చగా ఉన్నచోట ఉక్కు గాజంత గట్టిపడుతుంది. మందంగా ఉన్నచోట మెత్తగా మిగులుతుంది. ఆ రెండింటి మధ్య మబ్బుల అంచులాంటి గీత పడుతుంది. ఎంత అందంగా ఉంటుందో! వంపు కూడా అప్పుడే వస్తుంది. నీళ్ళలోనే కత్తి తనంతట తాను వీపు వైపు ఒంగుతుంది."

"మరి పడమటి దేశాల్లో?"

"వాళ్ళు సైన్యాలకు వేల కత్తులు చెయ్యాలి. ఒకే రకం ఉక్కు కడ్డీని యంత్రపు సుత్తి కింద సాగదీసి, రోలర్లతో గాడులు నొక్కి, మొత్తం అలుగును ఒకేలా కాల్చి నూనెలో ముంచుతారు. తర్వాత మళ్ళీ సన్నటి సెగ చూపించి పెళుసుతనం పోగొడతారు. అందుకే అది స్ప్రింగులా వంగి లేస్తుంది. వంచి చూసి, దుంగ మీద బాది చూసి, నిలిచినదానికే ముద్ర వేస్తారు. మా కత్తిని అలా వంచితే వంగినట్టే ఉండిపోతుంది. అయితే యుద్ధంలో అధికారులందరికీ చేత్తో చేసినవి ఎక్కడ చాలుతాయి? మా తాత వాళ్ళు కూడా కడ్డీ ఉక్కును కోసి, నూనెలో ముంచి, యంత్రాల మీదే చేశారు."

"ఇదంతా మీరు మజ్లిస్‌లో చెప్పారా?"

"మా పాత పద్ధతి చెప్పాను. మట్టి, మంట, నీళ్ళు వరకూ. నీళ్ళలో ముంచాక మేమూ మళ్ళీ కాస్త సెగ చూపించాలి. లేకపోతే వాదర చిట్లుతుంది. ఆ మాట చెప్పబోతుంటే భోజనానికి పిలిచారు." ఆయన నొచ్చుకున్నట్టు నవ్వాడు. "జాసింకు చెప్పనక్కర్లేదు లెండి. ఉక్కు గురించి చదువుకున్నవాడు."

బయటికొచ్చాక పుష్ప ఉండబట్టలేకపోయింది. "ఎవలు మేడం? నాకు గుండె దడదడ కొట్టుకుంటున్నది, చెప్పుండ్రి!"

"రేపు అందరి ముందర చెప్తా. నువ్వు ఈ లోపల ఒక్కటే ఆలోచించు. ఆ గోడలోని చిన్న తలుపు ఎవరికి తెరుచుకుంటుంది?"

మర్నాడు అసర్ నమాజు అయ్యాక మజ్లిస్ నిండింది. పెద్దాయన నడుమ కూర్చున్నాడు. ఒక పక్క ఫహద్, జాసిం, ఒకాదా. ఇంకో పక్క పెళ్ళికూతురి తండ్రి, మాట్లాడకుండా జపమాల తిప్పుతూ. గుమ్మం దగ్గర ఖుత్బుద్దీన్. తెర వెనక ఆడవాళ్ళు. పెద్దాయన అడగడంతో ఒక పోలీసు అధికారి కూడా వచ్చాడు. పుష్ప చేతిలో వర ఉంది.

"మొదట ఇది చూడండి," అంది వజీరున్నీసా అరబ్బీలో. పిడి ఉన్న ముక్కను తీసుకుని వరలోకి దించింది. కొంచెం దూరం వెళ్ళి బిగుసుకుపోయింది. ఎంత నెట్టినా కదల్లేదు. "ఇదే వరలో ఇదే కత్తి మీ తాతగారి కాలం నుంచి ఉంది. ఇప్పుడెందుకు పట్టడం లేదు? కత్తి వంపు మారింది కాబట్టి. నాగూర్‌కు అది అంతుపట్టలేదు. తోమిన కత్తిని వరలో పెట్టాలి గనక చెక్క సుత్తితో తట్టాడు. ఖుత్బుద్దీన్ చూసింది నిజమే. అతను చేసిందనుకున్నది అబద్ధం."

ఖుత్బుద్దీన్ తల వంచుకున్నాడు.

"తోమితే కత్తి వంపు మారదు. సుత్తితో తడితే విరిగిన చోట సగం నల్లబడదు. మంటలో ఎర్రగా కాలి, నీళ్ళలో చిట్లిన ఉక్కే అలా అవుతుంది. ఆ చిట్లు వాదరలో దాక్కుని కూర్చుంది, ఎవరైనా వంచేదాకా." ఆవిడ రుమాలు విప్పి మట్టి బిళ్ళను చూపించింది. "పడమటి సైనికుడి కోసం పుట్టిన కత్తికి ఎవరో జపాన్ పద్ధతి చేశారు. మట్టి పూసి, కాల్చి, నీళ్ళలో ముంచారు."

అందరి చూపులూ జాసిం మీదికి తిరిగాయి. అతను తెల్లబోయి లేచి నిలబడ్డాడు. "నేను కాదు! తాతయ్యా, నేను కాదు!"

"కూర్చో నాయనా, నువ్వు కాదు," అంది వజీరున్నీసా. "చేసినవాడికి సగమే తెలుసు. మంట వరకు తెలుసు, నీళ్ళ వరకు తెలుసు. తర్వాత మళ్ళీ సెగ చూపించాలని తెలియదు. నీకది తెలుసు. పైగా ఈ పని జరిగింది ఆడవాళ్ళ వాకిట్లో ఉన్న పొడుగాటి బొగ్గు పొయ్యిలో. మట్టి మునీరాది. బొగ్గులు రమీజా పెట్టి వెళ్ళినవి. రెండూ ఆడవాళ్ళంతా మక్కాలో ఉన్నప్పుడు తరిగిపోయాయి. నువ్వు మందులు ఇవ్వడానికి కూడా ఆ తలుపు దాటలేదు. ఖాళీగా ఉందని పెద్దతల్లి వాకిట్లో దూరి, అంత మంట వేస్తే కాపలావాడు ఊరుకుంటాడా? నాగూర్, ఖుత్బుద్దీన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రోజుల్లో ఆ తలుపు తీసుకుని వెళ్ళే హక్కు ఇద్దరికే ఉంది. ఒకరు ముబారక్ గారు. ప్రాణంలా చూసుకునే కత్తిని ఆయన మంటలో పెట్టరు, పెడితే మనవడిని వంచమనరు."

మజ్లిస్‌లో జపమాల చప్పుడు ఆగిపోయింది. ఆ రెండోవాడు ఎవరో ఒక్కసారిగా అర్థమై పుష్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఫహద్ బాబూ, గహ్వా ఒలికి చెయ్యి కాలిందన్నావు. ఈ మజ్లిస్‌లో గహ్వా పోసేది ఖుత్బుద్దీన్ ఒక్కడే. ఎవరి మీదా చుక్క పడలేదని అతను చెప్పాడు. ఎర్రటి ఇనుము నీళ్ళలో పడితే ఆవిరి ఎంత ఎత్తుకు లేస్తుందో నీకు ఎవరూ చెప్పలేదు కదూ?"

"నా మనవడు తన ప్రాణం మీదికి తానే ఎందుకు తెచ్చుకుంటాడు?" అని ముసలాయన గర్జించాడు.

"అతనికి తెలియదు కాబట్టి. చెప్పు బాబూ. నువ్వు చెబితేనే బాగుంటుంది."

ఫహద్ లేచి, తాత ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆ రోజు ఒకాదా గారు ఆ మబ్బుల గీత గురించి చెప్పినప్పుడు మీ కళ్ళు ఎలా వెలిగాయో చూశాను తాతయ్యా. 'ఈ ఒక్కటే మన కత్తికి లేదు' అన్నారు మీరు. పెళ్ళినాటికి ఆ గీత తెప్పించి మీకు చూపిద్దామనుకున్నాను. నీళ్ళలో పెట్టినప్పుడు టిక్కుమని చిన్న చప్పుడైంది. అదేమిటో నాకు తెలియలేదు. గీత వచ్చింది, పల్చగా. వరలో పట్టకపోతే నాగూర్ తోమేటప్పుడు సరిచేస్తాడులే అనుకున్నాను. మీరు అందరిలో వంచమన్నప్పుడు కాదనలేకపోయాను."

"తర్వాత?" అంది వజీరున్నీసా. ఆవిడ గొంతు మొదటిసారి కఠినంగా మారింది. "అది తెలివితక్కువ పని, అంతే. ఒప్పుకుంటాను. మరి నాగూర్‌ను బేడీలు వేసి తీసుకెళుతుంటే నీ నోరు ఎందుకు పెగల్లేదు?"

"ఇంటి కత్తిని నేనే నాశనం చేశానని తాతయ్యకు తెలిస్తే... మామగారికి తెలిస్తే..." అతను తల ఎత్తలేకపోయాడు. "రెండ్రోజులుంచి వదిలేస్తారులే అనుకున్నాను."

"నీకు రెండ్రోజులు. అతనికి జైలు, ఆ తర్వాత దేశం నుంచి గెంటివేత. ఊళ్ళో మొహం ఎట్లా చూపించుకుంటాడు?"

ముసలాయన మనవడి తల మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. అది చూసి ఫహద్ ఏడ్చేశాడు. ముసలాయన లేచి, అంగీ మీద పైవస్త్రం కప్పుకుని, పోలీసు అధికారితో, "కత్తి పోయిందని రెండు రోజులు ఏడ్చాను. ఇప్పుడు కూర్చున్న చోటే మనవడి మీద నమ్మకమూ పోయింది," అన్నాడు. తర్వాత మనవడి వైపు తిరిగి, "లే. మనిద్దరం వెళ్ళి నాగూర్‌ను తీసుకొద్దాం. ఇప్పుడు చెప్పిందంతా అతని మొహం చూసి చెప్పు," అన్నాడు.

పోలీసు స్టేషన్ వరండాలో నాగూర్ గడ్డం మాసి, కళ్ళు పీక్కుపోయి బయటికి వచ్చాడు. ఫహద్ చెప్పిందంతా నిలబడి విన్నాడు. క్షమించానని గాని, క్షమించనని గాని అనలేదు.

"నీకేం కావాలో అడుగు. సెలవు ఇస్తాను, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు," అన్నాడు ముబారక్.

నాగూర్ వచ్చీరాని అరబ్బీలో మాటలు వెతుక్కుని, చివరికి వజీరున్నీసా వైపు తిరిగాడు. "మేడం, మీరే చెప్పండి. నన్ను అందరి ముందర పట్టుకోని పోయినారు. నేను చెయ్యలేదని గూడా అందరి ముందరే చెప్పాల. సెలవు సంగతి తర్వాత."

ఆవిడ చెప్పింది. ముసలాయన సరేనన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

గురువారం గుడారాల నిండా దీపాలు వెలిగాయి. పెళ్ళికూతురి తండ్రి మాట తప్పలేదు. నిజం బయటపడటానికి ముందు ఎంత కోపంగా ఉన్నాడో, నలుగురిలో కుర్రాడు ఒప్పుకున్నాక అంత మెత్తబడ్డాడు. ఆడవాళ్ళ గుడారంలో రమీజాకు ఆ రోజు పని చెప్పవద్దని మునీరా తల్లి ఆజ్ఞ. అయినా కుదురుగా కూర్చోలేక, పుష్ప పక్కన చేరి చీటికి మాటికి కొంగు సర్దుకుంటోంది. మగవాళ్ళ వైపునుంచి డప్పులు, పాట, కత్తుల గలగల వినవస్తున్నాయి.

ఉన్నట్టుండి డప్పులు ఆగాయి. లౌడుస్పీకర్లో ముసలాయన గొంతు ఖంగుమంది. ఆడవాళ్ళంతా మాటలు ఆపేశారు. ఆయన మాట్లాడుతూంటే ఒక్కొక్కరూ తల తిప్పి రమీజా వైపు చూడసాగారు. రమీజాకు వంటింటి అరబ్బీ తప్ప రాదు. కంగారుగా పుష్ప చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన పేరు చెప్పినాడు గదక్కా? ఏమంటాండాడు?"

"'నా ఇంటి కత్తి నా మనవని చేతులనే పాడైంది. అన్నెం పున్నెం ఎరుగని నాగూర్ మీద నిందపడ్డది. అతని తప్పు ఏం లేదు, తప్పు మా ఇంటిది. అందరి ముంగట మాఫీ అడుగుతున్న' అంటుండు రమీజా."

రమీజా కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. పుష్ప చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇంకొక్కసారి చెప్పక్కా," అంది.

పుష్ప మొదటినుంచి మళ్ళీ చెప్పింది.